బొక్క పెట్టిన రూపాయి ఇంట్లో ఉంటే జైలేనా?

ప్రశ్న: మాది నెల్లూరు వైపు. తాత కాలం నుంచి చెన్నై వ్యాసార్పాడిలోనే ఉంటున్నాం. మా నాయనమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టెలో రూపాయల దండ దొరికింది. విక్టోరియా రాణివి పదకొండు, ఐదో జార్జి రాజువి పది. కొన్నిటికి బొక్కలున్నాయి, కొన్నిటికి పైన కొక్కెం అతికించారు. షావుకారుపేటలో ఒకాయనకు చూపిస్తే, "నాణేన్ని పాడు చేయడం నేరం, పాడు చేసింది ఇంట్లో ఉంచుకున్నా ఏడేళ్ల జైలు, వెండి రేటులో సగానికి నాకిచ్చేయండి, మీకు ఏ గొడవా రాకుండా నేను చూసుకుంటా" అన్నాడు. అప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. మా తమ్ముడేమో ఐదు రూపాయల బిళ్లలు కోసి ఉంగరాలు చేసి అమ్ముతుంటాడు. డాలస్‌లో ఉన్న మా చెల్లి ఈసారి వచ్చినప్పుడు దండ పట్టుకెళ్తానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ దండను ఆయన చేతికి ఇవ్వకండి. అడ్వాన్సు ఏదైనా తీసుకుని ఉంటే ఇవాళే తిరిగిచ్చేయండి. ఏడేళ్ల శిక్ష అనేది చట్టంలో ఉన్న మాటే, కానీ అది మీ నాయనమ్మ దండకు తగలదు. భయపెట్టి సగం రేటుకు కొట్టేయడానికి ఆ సెక్షన్‌ను వాడుకుంటున్నాడు. ఇలాంటివి వింటే నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే భయపడి అమ్ముకునేది ఎప్పుడూ ఇంట్లో పెద్దదిక్కు లేనివాళ్లే.

ఆయన చెప్పింది 2011 నాణేల చట్టం గురించి. అది 2012 మార్చి 28 నుంచి అమల్లో ఉంది. దాని 12వ సెక్షన్ ప్రకారం నాణేన్ని కరిగించకూడదు, నాశనం చేయకూడదు, కరిగించిన నాణేన్ని గానీ పాడు చేసిన నాణేన్ని గానీ దగ్గర ఉంచుకోకూడదు. తప్పితే 13వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. ఇంతవరకే చదివితే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ అదే చట్టం 2వ సెక్షన్‌లో అసలు నాణెం అంటే ఏమిటో రాసి ఉంది: ప్రభుత్వం ముద్ర వేసి విడుదల చేసి, చెల్లుబాటులో ఉన్నది మాత్రమే నాణెం. చెల్లుబాటు అన్న ఆ ఒక్క మాటే మీకు రక్ష. విక్టోరియా వెండి రూపాయి చెల్లుబాటు 1941లోనే పోయింది, ఐదో జార్జి కాలం నాటి పాత వెండి రూపాయిదీ 1943లో పోయింది. కాబట్టి ఈ చట్టం దృష్టిలో మీ దండలో ఉన్నవి నాణేలు కావు, వెండి నగ. బొక్క ఎవరు పెట్టినా, ఎన్ని పెట్టినా మీ మీద కేసు నిలవదు.

మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ఒక బిళ్ల మీద రాణి చెంప పక్కన చంద్రవంక ఆకారంలో చిన్న గాటు ఉంది చూడండి, అది ఎవరో ఆకతాయిగా గీసింది కాకపోవచ్చు. పూర్వం షరాబులు, అంటే డబ్బు మార్చే వ్యాపారులు, వెండి మంచిదా కాదా అని తేల్చుకోవడానికి రూపాయి మీద చిన్న ఉలితో ముద్ర కొట్టేవారు. నాణేన్ని కావాలని గాయపరచడం మన దగ్గర కొత్తేం కాదు. 1898లో పుదుక్కోట్టై దగ్గర 501 రోమన్ బంగారు నాణేలు బయటపడితే వాటిలో చాలావాటికి చక్రవర్తి తల మీద ఉలిగాటు ఉంది. ఇక మన నాయనమ్మల దగ్గరికొస్తే, కాసుల పేరు, రూపాయల దండ వాళ్లకు బ్యాంకు లాంటివి. కొక్కెం అతికించడం మోసం కోసం కాదు, మెడలో వేసుకోవడానికి. పాత శిక్షాస్మృతిలో నాణెం బరువు తగ్గించడం నేరమే, కానీ మోసపు ఉద్దేశం ఉంటేనే. కాబట్టి ఆ కాలంలో కంసాలి చేసిన పనికి ఇప్పుడు మీరు వణకాల్సింది ఏమీ లేదు.

మీ తమ్ముడి సంగతి వేరు. ఈ ఉత్తరంలో నాకు దిగులు కలిగించింది అదొక్కటే. ఐదు రూపాయల బిళ్ల ఇవాళ్టి డబ్బు, అందులో అనుమానమే లేదు. దాన్ని కోసి ఉంగరం చేస్తే 12వ సెక్షన్‌లో సూటిగా పడతాడు. కోసిన ముక్కలు వర్క్‌షాపులో ఉన్నా అదే సెక్షన్. పైగా 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 178వ సెక్షన్‌లో నాణెం బరువు తగ్గించడాన్నీ, రూపం మార్చడాన్నీ దొంగ నాణేల నేరంలో కలిపారు, దాని శిక్ష ఇంకా పెద్దది. ఇంత చిన్న పనికి ఇంత పెద్ద శిక్షా అని మీకనిపించవచ్చు. బిళ్లలోని లోహం విలువ బిళ్ల మీద రాసిన విలువను దాటినప్పుడల్లా జనం మూటలు కట్టి కరిగిస్తారు, బజార్లో చిల్లర మాయమవుతుంది. అందుకే 1971లోనే చిన్న నాణేల కోసం విడిగా ఒక చట్టం చేశారు, 2011 చట్టం వచ్చాక దాన్ని ఇందులో కలిపేశారు. తమ్ముడికి చేతిపని ఉంది కదా, పావలా, పది పైసల బిళ్లలతో చేసుకోమనండి. పావలా, అంతకంటే చిన్నవి 2011 జూన్ 30 నుంచి చెల్లవు. అర్ధ రూపాయి జోలికి మాత్రం వెళ్లొద్దు, ఎవరూ తీసుకోకపోయినా అది ఇప్పటికీ చెల్లుబాటే.

ఇక అమ్మాలనుకుంటే లెక్క చెప్తాను, రాసుకోండి. రూపాయెత్తు అంటే తులం, 11.66 గ్రాములు. ఆ రూపాయిల్లో పన్నెండింట పదకొండు వంతులు వెండి. ఇరవై ఒకటికి సుమారు 245 గ్రాముల బరువు, అందులో అసలు వెండి 224 గ్రాముల దాకా. బొక్కల వల్ల, అరుగుదల వల్ల కొంచెం తగ్గుతుంది, కొక్కేలదీ, వాటిని అతికించిన టాంకాదీ బరువు విడిగా తీసేయాలి. ఆ రోజు వెండి ధరతో గుణించి చూస్తే షావుకారుపేట ఆయన మీ దగ్గర ఎంత మిగుల్చుకోవాలనుకున్నాడో తెలుస్తుంది. బొక్కలు పూడ్పించకండి, పాలిష్ పెట్టించకండి. బొక్క పూడ్చిన నాణేన్ని చెక్కుచెదరనిదని చెప్పి అమ్మితే న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద అది మోసం, అప్పుడు నిజంగానే దోషి మీరవుతారు. ఆన్‌లైన్‌లో మీ నాణేనికి లక్షలు ఇస్తాం, ముందు కమీషనో ట్యాక్సో కట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. రిజర్వు బ్యాంకు పేరు చెప్పుకుని ఇలా దోచుకుంటున్నారని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే జనాన్ని హెచ్చరించింది.

చెల్లెలి విషయంలో కొంచెం గట్టిగా చెప్తాను, ఏమీ అనుకోకండి. వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువు. విక్టోరియావి పదకొండూ దాని కిందికే వస్తాయి, జార్జి రూపాయిల్లో కూడా వందేళ్లు దాటినవి ఉంటాయి, బిళ్ల మీద సంవత్సరం చూడండి. వీటిని దేశం దాటించే హక్కు ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థలకే. మామూలు మనుషులు తీసుకెళ్తే కనీసం ఆరు నెలల జైలు. మెడలో వేసుకుని వెళ్తే ఎవరడుగుతారులే అనుకోవద్దు, మీనంబాక్కం విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు అడిగిన రోజు దండ పోతుంది, కేసూ మిగులుతుంది. దండ ఇక్కడే ఉండనీయండి, ఆమె వచ్చినప్పుడల్లా వేసుకుంటుంది.

పెట్టెలో దొరికింది కాబట్టి నిధి చట్టం గొడవ మీకు లేదు, అది మట్టిలో దొరికినవాటికి.

ఆయన మళ్లీ ఫోన్ చేసి, ఇవ్వకపోతే పోలీసులకు చెప్తా అంటే వాట్సాప్‌లో రాసి పంపమనండి. కేసు పెడతానని బెదిరించి వస్తువు లాక్కోవడం న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం.

ఇంకొక్కటి, మీరు అడగలేదు గానీ చెప్పకపోతే నా మనసు ఒప్పదు. ఆ దండ మీ నాయనమ్మ ఆస్తి. వీలునామా లేకపోతే అది మీ ఒక్కరిదీ కాదు, మీ చెల్లెలిదీ కాదు. మీ నాన్నకు ఎంత వాటా ఉందో మీ మేనత్తలకూ అంతే ఉంది. అమ్మినా, ఉంచుకున్నా ముందు వాళ్లను పిలిచి, ఇరవై ఒక్క బిళ్లలూ వాళ్ల ఎదురుగా లెక్కపెట్టి, ఫొటోలు తీసి, ఒక కాగితం మీద అందరి సంతకాలు పెట్టించండి.