మెయిన్‌సెయిల్‌ను మాస్ట్ స్లైడ్లకు దేనితో కట్టాలి?

పాతిక అడుగుల పడవలో మెయిన్‌సెయిల్‌ను (ప్రధాన తెరచాపను) స్లైడ్లకు, అంటే మాస్ట్ (తెరచాప స్తంభం) మీది ట్రాక్‌లో పైకీ కిందికీ జారే ముక్కలకు, పట్టి ఉంచే ప్లాస్టిక్ షాకిళ్లు (U ఆకారపు కొక్కేలు) తరచూ విరుగుతున్నాయి, బదులుగా ఏం వాడాలన్నది ప్రశ్న.

నేనైతే వెబ్బింగ్ (గట్టి నేత పట్టీ) కుట్టమంటాను. ప్లాస్టిక్ షాకిల్ చవక, నిమిషంలో మార్చేయొచ్చు, తెరచాప గుడ్డనూ పాడుచేయదు. కానీ ఎండకు పెళుసెక్కుతుంది. గాలి జోరులో ఒకటి తెగితే ఆ బరువు పక్కవాటి మీద పడి, అవి కూడా వరసగా తెగిపోవచ్చు. స్టీల్ షాకిల్ గట్టిదే, కానీ ప్లాస్టిక్ స్లైడ్ కంటిని (రంధ్రాన్ని) అరగదీస్తుంది, దాని పిన్ను మెల్లగా వదులై ఊడిపోయే ప్రమాదమూ ఉంది.

వెబ్బింగ్‌కు పాలిస్టర్ పట్టీ వాడండి. నైలాన్ వద్దు, తడిస్తే సాగుతుంది. చాప రింగులోంచీ స్లైడ్ కంటిలోంచీ మూడు నాలుగు చుట్లు తిప్పి, మైనం పట్టించిన పాలిస్టర్ దారంతో చేత్తో కుట్టాలి. పని నెమ్మదే, ఒక సాయంత్రం పడుతుంది. అంత ఓపిక లేకపోతే కనీసం హెడ్‌బోర్డ్ (చాప పై కొనలోని గట్టి పలక) దగ్గరా, బాటెన్ల (చాపను నిటారుగా ఉంచే అడ్డ బద్దల) కొనల దగ్గరా కుట్టండి. ఎక్కువ లాగుడు పడేది అక్కడే.

అసలు జాగ్రత్త పొడవు విషయంలో. చుట్టు బిగువైతే స్లైడ్ వంకర తిరిగి ట్రాక్‌లో ఇరుక్కుంటుంది, చాపను గబగబా దించాల్సిన సమయంలో అది చాలా ప్రమాదం. పాత షాకిల్‌ను కొలతగా పెట్టుకుని, మొదట ఒక్కటే కుట్టి, చాపను అటూ ఇటూ మడిచి స్లైడ్ తేలిగ్గా జారుతోందో లేదో చూశాకే మిగతావి మొదలుపెట్టండి.