అక్క బిడ్డ నా చేత్తో పడితే పాలు తాగడం లేదు

ప్రశ్న: మా అక్క బ్యాంకు ఉద్యోగి. ప్రసూతి సెలవు అయిపోయి మళ్లీ డ్యూటీలో చేరింది. ఐదు నెలల పాపను పగలంతా నేనే చూస్తున్నాను, గ్రూప్స్‌కి చదువుకుంటూ. అక్క పిండి పెట్టిన పాలు సీసాతో పడితే తల తిప్పేసి గుక్కపట్టి ఏడుస్తుంది. అమ్మేమో తేనె నాకించమంటోంది. నేనంటే పాపకు పడదేమో అనిపిస్తోంది.

జవాబు: పడకపోవడం కాదమ్మా, పుట్టినప్పటి నుంచి అమ్మ రొమ్ము తప్ప ఇంకోటి ఎరగని పిల్ల నోట్లో ఒక్కసారిగా రబ్బరు పీక పెడితే ఎవరి చేతిలోనైనా అంతే గోల చేస్తుంది. సీసానే పట్టాలని రూలేం లేదు, ఉగ్గుగిన్నె ఉంటే మరిగించి వాడు. పాపను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని గిన్నె అంచు కింది పెదవికి ఆనించు, తనే చప్పరించుకుంటుంది. నోట్లో పోసెయ్యకు, పొలమారుతుంది.

ఇంకోటి, ఏడుపు మొదలయ్యాక పట్టావంటే ఆలస్యమైనట్టే. పిడికిలి నోట్లో కుక్కుకుంటున్నప్పుడు, బుగ్గకి గుడ్డ తగిలితే అటు నోరు తెరుస్తున్నప్పుడు పట్టాలి. అప్పటికే గుక్కపట్టిందా, ముందు అక్క కట్టి విడిచిన పాత చీర నీ భుజాన వేసుకుని దానిమీద పాపను ఆనించుకుని కాసేపు తిప్పు, పాల సంగతి తర్వాత. పగలు తక్కువ తాగినా సాయంత్రం అమ్మ వచ్చాక ఆ లోటు తీర్చుకునే పిల్లలు చాలామందే ఉంటారు, కాబట్టి బలవంతం వద్దు. అయితే ఉచ్చ బాగా తగ్గినా, మత్తుగా పడి ఉన్నా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

పిండిన పాలు 25 డిగ్రీల లోపైతే బయట 4 గంటలు ఉంటాయంటారు, మన ఎండల్లో ఆ లెక్క నమ్మకుండా నేరుగా ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి, 4 రోజుల దాకా పనికొస్తాయి. వేడినీళ్ల గిన్నెలో ఉంచి గోరువెచ్చగా చెయ్యి. మైక్రోవేవ్‌లో పెడితే ఒక్కోచోట నోరు కాలేంత వేడెక్కుతాయి. ఒకసారికి 60 మిల్లీలీటర్లే తియ్యి, ఎంగిలి పాలు 2 గంటలు దాటితే పారబొయ్యాలి, అక్క కష్టపడి పిండినవి.

తేనె మాత్రం ఏడాది నిండేదాకా వద్దు, అందులో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే క్రిములు ఉండొచ్చు. అమ్మతో నువ్వు వాదించకు, అక్క చేత చెప్పించు.

ఏం చేసినా ఊరుకోక నీకు ఒళ్లు మండిపోయే రోజులూ వస్తాయి. పాపను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, చూస్తుండమని మీ అమ్మకు చెప్పి ఐదు నిమిషాలు అవతలి గదిలోకి వెళ్లు, తప్పేం లేదు. కోపంలో పట్టుకుని కుదిపితే మాత్రం మెదడులో రక్తస్రావం కావచ్చు.

అసలు నీ ఉత్తరంలో నువ్వు సగమే రాశావేమో అనిపిస్తోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లను ఎత్తుకుని గ్రూప్స్ సిలబస్ ఎవరికి అవుతుంది? రోజుకి రెండు మూడు గంటలకైనా ఒక ఆయా కావాలని, ఆ జీతం వాళ్లే ఇవ్వాలని అక్కని, బావని ఇద్దరినీ కూర్చోబెట్టి అడుగు. పాప ఎంత తాగిందో చెప్పేటప్పుడే ఈ మాటా కదుపు, ఆదివారం దాకా ఆగకు.