మిడతకి విగ్రహం

ప్రశ్న: అమెరికాలో చిన్న చిన్న కౌంటీల్లో రోడ్డు పక్కన భారీ శిల్పాలు పెడుతుంటారు. వాటివల్ల ఊళ్ళు బాగుపడతాయా, లేక డబ్బు దండగా?

నార్త్ డకోటా రాష్ట్రంలోని ఫార్గోలో ఆరేళ్ళు చలికి వణికినవాణ్ణి కాబట్టి ఆ రాష్ట్రం గురించి నాలుగు ముక్కలు చెప్పే హక్కు నాకుందనే అనుకుంటున్నాను. మనవాళ్ళకి అమెరికా అంటే నయాగరా, వేగాస్, డిస్నీ. ఎక్కడికెళ్ళినా అవే ఫొటోలు, అదే టీషర్టు. నార్త్ డకోటా అంటే "అక్కడేముంది?" అంటారు.

ఒక జూలైలో, అమెరికా పాత అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ పేరిట ఉన్న నేషనల్ పార్కుకి బయల్దేరాం. ఇంటర్‌స్టేట్ 94 హైవే మీద నాలుగు గంటలు పడమటికి కొట్టాక, గ్లాడ్‌స్టోన్ అనే ఊరి దగ్గర దిబ్బ మీద ఏదో పెద్ద కన్నులాంటిది, దాంట్లో ఎగురుతున్న బాతులు. వెనక సీట్లోంచి మావాడు "నాన్నా, దిగుదాం" అని గోల. 72వ ఎగ్జిట్ దగ్గర తిప్పేశాను. "ఏవండీ, హోటల్ బుకింగ్ ఉంది, గుర్తుందా?" అని మా ఆవిడ.

దగ్గరికెళ్తే తెలిసింది, అది 110 అడుగుల ఎత్తు. నూనె బావుల్లో వాడేసిన పైపులు, పాత ట్యాంకులు కోసి అతికించారు. 2001లో నిలబెట్టిన ఈ అడవిబాతులకి తుక్కు ఇనుముతో చేసిన శిల్పాల్లో ప్రపంచంలోనే పెద్దదని గిన్నిస్ రికార్డు వచ్చింది. అక్కణ్ణుంచి దక్షిణంగా రీజెంట్ అనే ఊరిదాకా 32 మైళ్ళు, దారి పొడుగునా ఇలాంటివే. దుప్పులు, మిడతలు, నీళ్ళలోంచి ఎగిరే చేప, నెమలికోళ్ళలాంటి ఫెజంట్ల కుటుంబం, గుర్రం మీద రూజ్వెల్ట్, రేకుల అమ్మానాన్నలూ పిల్లాడూ. మధ్యలో గోధుమ చేలు, గాలి. ఎదురుగా వచ్చిన బళ్ళు మూడంటే మూడు.

మిడతల దగ్గర గంటసేపు ఉండిపోయాం. పెద్దది మా ఫార్గో అపార్టుమెంటు కంటే పొడుగు. దాని కాళ్ళ కింద, ఉన్న ఒక్క నీడలో, పొద్దున కలిపి తెచ్చిన పులిహోర డబ్బా తెరిచాం. గాలి వీచినప్పుడల్లా పైన ఇనుము మూలిగేది. చెయ్యి ఆనిస్తే కాలిపోయేంత వేడి. వెల్డింగు అతుకులు తొర్రిపళ్ళలా ఎగుడుదిగుడుగా ఉన్నాయి, నునుపు చేద్దామన్న ధ్యాసే లేదు. నాకదే నచ్చింది. మావాడి సాక్సు మీద పాకుతున్న గోమారి పురుగుని చూసి మా ఆవిడ అరిచిన అరుపు మాత్రం గోధుమ చేలు దాటి ఉంటుంది.

అప్పుడు తట్టింది, ఇవి గోధుమ రైతుల పొలాలు. మిడత వాళ్ళకి శత్రువు. తింటే చేను చేనే తినేస్తుంది. దానికే విగ్రహం! మా ఊళ్ళో ఎవడైనా మిర్చి చేలో పచ్చపురుగు బొమ్మ నిలబెడతానంటే చెట్టుకి కట్టేస్తారు.

ఇదంతా ఒక్క మనిషి పని. గ్యారీ గ్రెఫ్ అని బడిలో పంతులుగా, ప్రిన్సిపాలుగా చేసినాయన. శిల్పం నేర్చుకోలేదు, వెల్డింగు నేర్చుకోలేదు. సొంతూరు రీజెంట్ ఖాళీ అయిపోతోందని, హైవే మీద పోయేవాళ్ళని ఎలాగైనా ఊరివైపు తిప్పాలని 1991లో రేకుల కుటుంబంతో మొదలెట్టాడు. మూతపడ్డ బడిని కోటలాంటి హోటల్ చేశాడు. ఇవాళ్టికీ రంగులు వేసేది, గడ్డి కోసేది ఆయనే.

నా వాదన ఇక్కడే. విగ్రహం పెట్టడం పెద్ద విషయం కాదండీ, దానికి పదేళ్ళ తర్వాత రంగెవడు వేస్తాడన్నదే విషయం. మా ఊరి సెంటర్లో ఒకాయన విగ్రహానికి చూపుడువేలు విరిగి ఎన్నేళ్ళయిందో. జయంతికి దండ వేస్తారు, ఎన్నికలొస్తే ముసుగు వేస్తారు, వేలు మాత్రం అతికించరు. ఆవిష్కరణకి రిబ్బను కత్తిరించినవాళ్ళు మళ్ళీ అటు తిరిగి చూడలేదు.

ఇంతకీ ఊరు బాగుపడిందా అంటారా? 2020 లెక్కల్లో రీజెంట్ జనాభా 170. బాగుపడ్డట్టా? నన్నడిగితే బాగుపడ్డట్టే. ఆ శిల్పాలే లేకపోతే నేను అక్కడ ఐస్‌క్రీము, బాతుల బొమ్మ ఫ్రిజ్ మాగ్నెట్ కొనేవాణ్ణే కాదు. నాలాంటివాళ్ళు ఏడాదికి ఎంతమందో లెక్క కట్టుకోండి.

హోటల్‌కి చేరేసరికి చీకటి పడింది, తిట్లు తిన్నాను. మర్నాడు పార్కులో మా కారు ముందునుంచే నిజం అడవిదున్న ఒకటి రోడ్డు దాటింది. ఊపిరి బిగబట్టి చూస్తుంటే, వెనకనుంచి మావాడు: "ఇంతేనా నాన్నా? చిన్నదిగా ఉందే!"