పాల్వంచ టవర్ల మీద తెల్లగా లేచేది పొగా, మబ్బా?

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. మబ్బుల రకాలు, శిలాజ ఇంధనాలు రెండు పాఠాలూ ఒకే పరీక్షకి వచ్చాయి, ఇంట్లో ఒకటే టెన్షన్. మా డాబా ఎక్కితే కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్, బొగ్గుతో కరెంటు తయారుచేసే కేంద్రం) టవర్లు కనిపిస్తాయి. "అమ్మా, ఆ బొగ్గు పొగే మబ్బవుతుందా? బొగ్గంటే చచ్చిపోయిన డైనోసార్లేనా?" అని అడిగాడు. ఏం చెప్పాలి? – ఒక పాఠకురాలు, పాల్వంచ

జవాబు: అమ్మా, నడుం దగ్గర సన్నబడే ఆ లావుపాటి టవర్ల మీద లేచేది పొగ కాదండీ, మబ్బే. అవి నీళ్లు చల్లార్చే టవర్లు. బొగ్గు కాలిన పొగ వేరే, పొడవాటి చిమ్నీల్లోంచి పోతుంది. టవర్లోంచి వచ్చిన ఆవిరికి బయటి గాలి తగిలి సన్నటి నీటి బొట్లవుతుంది, ఆకాశంలో మబ్బయినా అంతే. కుక్కర్ విజిల్ వేసేటప్పుడు బాబుని కాస్త దూరంగా నిలబెట్టి చూపించండి: విజిల్‌కి ఆనుకుని కొంచెం మేర ఏమీ కనపడదు, ఆ పైనే తెల్లబడుతుంది. ఆ ఖాళీగా కనిపించే చోట ఉన్నదే అసలు ఆవిరి. ఇలా మనుషుల పనుల వల్ల పుట్టే మబ్బులకి ప్రపంచ వాతావరణ సంస్థ 2017లో హోమోజెనిటస్ అని పేరు కూడా పెట్టింది.

పరీక్షకి కావలసిన పేర్లకి మూలం 1802లో ల్యూక్ హోవార్డ్ అనే ఇంగ్లండ్ ఆయన పెట్టినవే. ఈకల్లా, బాగా ఎత్తున, మంచు పలుకులతో ఉండేది సిర్రస్. దుప్పటి పరిచినట్టుండేది స్ట్రాటస్. దూది కుప్పలా ఉండేది క్యుములస్, దాని అడుగు సాధారణంగా బల్లపరుపుగా ఉంటుంది, ఎందుకంటే పైకి లేచే గాలిలోని ఆవిరి ఆ ఎత్తుకి చేరాకే బొట్లుగా మారుతుంది. అదే కొండలా పెరిగి ఉరిమితే టీవీలో రోజూ వినే క్యుములోనింబస్.

ఇక బొగ్గు. డైనోసార్లు కానే కాదు, చెట్లు! సింగరేణి బొగ్గుకి పాతిక కోట్ల ఏళ్లు దాటాయి, అప్పటికి డైనోసార్లు పుట్టనేలేదు. ఈ బొగ్గు పొరల మధ్య వచ్చే నల్లరాయి చీలిస్తే ఒక్కోసారి నాలుక ఆకారంలో ఆకు అచ్చు కనిపిస్తుంది, మధ్యలో ఈనె, దానికి అటూ ఇటూ వలలా అల్లుకున్న సన్నటి ఈనెలు. అది గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకు. బురద మడుగుల్లో పడ్డ అలాంటి చెట్లు గాలి తగలక, పూర్తిగా కుళ్లక, మట్టి కింద నలిగి వేడెక్కి బొగ్గయ్యాయి.

నాకు బాధగా ఉండేది ఒక్కటే, కాలుష్యం బొమ్మ గీయమంటే పిల్లలు ఈ తెల్ల మబ్బునే గీస్తారు. అసలు భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. ఒక కిలో కర్బనం పూర్తిగా కాలితే గాల్లోని ఆక్సిజన్‌ని కలుపుకుని మూడున్నర కిలోలకి పైగా తయారవుతుంది, డాబా మీద నుంచి ఎంత చూసినా కనపడదు.

ఆ టవర్ల మబ్బుని చలికాలం పొద్దున్నే ఒకసారి, మే నెల మధ్యాహ్నం ఒకసారి చూడమనండి. చల్లటి గాలి ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచలేదు కాబట్టి పొద్దున అది చాలా దూరం సాగుతుంది, ఎండ వేళ పొడిగాలి ఆ బొట్లని టవర్ దాటీ దాటకముందే తాగేస్తుంది.