‘ట్వెల్వ్ ఓక్లాక్ హై’ ఇప్పుడు చూస్తే బోర్ కొడుతుందా?

బాంబర్ స్క్వాడ్రన్ సినిమా అంటున్నారు కదా, యాక్షన్ ఎంతుంటుంది అని అడిగారు. యాక్షన్ కోసమే అయితే బోర్ కొడుతుంది, ముందే చెప్తున్నా. రెండు గంటలు దాటిన బ్లాక్ అండ్ వైట్ సినిమాలో గాల్లో యుద్ధం చాలా ఆలస్యంగా వస్తుంది. వచ్చాక మాత్రం నిజం యుద్ధంలో తీసిన ఫుటేజే వాడారు.

నేను దీన్ని మొదట చూసింది హైదరాబాద్‌లో, ఆఫీసు వాళ్లు పెట్టిన లీడర్‌షిప్ ట్రైనింగ్‌లో. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లో ఉన్న అమెరికన్ బాంబర్ దళం కథ, సినిమా 1949లో వచ్చింది. కుర్రాళ్ల మీద జాలితో కరిగిపోతున్నాడని పాత కమాండర్‌ని తీసేసి జనరల్ శావేజ్‌ని (గ్రెగరీ పెక్) పంపుతారు. బేస్‌కి వెళ్తూ దారిలో కారు ఆపించి, డ్రైవర్‌తో కలిసి ఓ సిగరెట్ కాలుస్తాడు, ముందు సీట్లోంచి దిగినవాడు ఈసారి వెనక సీట్లో ఎక్కుతాడు. అంతే, అక్కణ్నుంచి మనిషే వేరు. గేటు దగ్గర సెంట్రీని వాయించేస్తాడు, బార్ మూసేయిస్తాడు, ఇప్పటికే చచ్చిపోయాం అనుకోండి, భయం ఉండదు అని పైలట్ల మొహం మీదే చెప్తాడు.

దళం గాడిన పడే దాకా చూపించి, లీడర్ అంటే ఇలా ఉండాలని చెప్పి మమ్మల్ని లంచ్‌కి వదిలేశారు. మా టీమ్ లీడ్ సోమవారం నుంచి టీ బ్రేక్ నిమిషాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు!

మిగతాది నెల తర్వాత ఇంట్లో చూశాను (కథ తెలియకూడదనుకుంటే ఈ పేరా వదిలేయండి). ఇంజిన్లు తిరుగుతుంటాయి, శావేజ్ విమానం ఎక్కడానికి పైనున్న తలుపు అంచు పట్టుకుంటాడు, చేతులు సహకరించవు. మళ్లీ ప్రయత్నిస్తాడు, ఒళ్లు లేవదు. పట్టుకొచ్చి కుర్చీలో కూర్చోబెడితే, విమానాలు తిరిగొచ్చే దాకా ఉలుకూ పలుకూ ఉండదు. అసలు సినిమా ఇదీ, మాకు ఇది తప్ప అంతా చూపించారు.

మీరు స్క్వాడ్రన్ అన్నారు గానీ ఇది బాంబ్ గ్రూప్, కొన్ని స్క్వాడ్రన్లు కలిస్తే ఒకటి. నంబరు 918, కల్పితమే, కానీ నిజంగా ఉన్న 306వ గ్రూప్‌ని మూడుతో గుణించి పెట్టారంటారు. మొదట్లో బీ-17 బాంబర్ విమానం పొట్ట మీద దిగి గుడారాల్లోకి దూసుకుపోతుంది చూడండి, అది బొమ్మ కాదు, పాల్ మాంట్జ్ అనే స్టంట్ పైలట్ ఒక్కడే కూర్చుని దింపాడు.

ఇంకోటి, మొదలవగానే ఒకాయన లండన్ కొట్లో పాత జగ్గు కొంటాడు, ఈ జగ్గు గొడవేంట్రా అని ముందుకి జరపకండి. యుద్ధం రోజుల్లో ఆఫీసర్ల క్లబ్బులో ఆ జగ్గుని తిప్పి పెడితే మర్నాడు మిషన్ ఉన్నట్టు.