మొవ్వులో దాగిన మూడున్నరేళ్ళు

దగ్గరివారిని పోగొట్టుకున్నవారికి చెట్ల మధ్య, నీళ్ళ ఒడ్డున గడిపితే నిజంగా ఊరట దొరుకుతుందా, లేక అది ఊరికే చెప్పే మాటేనా అని మీరు అడిగారు. మా నాన్నగారు పోయిన తరువాత నాకు జరిగినది చెబుతాను. మొదటి రెండేళ్ళూ నాకు ఏ ఊరటా దొరకలేదు సరికదా, పచ్చగా కనబడిన ప్రతిదాని మీదా కోపం వచ్చేదన్న సంగతి ముందే చెప్పడం న్యాయం.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి మండలంలో, సముద్రపు హోరు వినబడేంత దూరంలో ఉన్న ఊరు. కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండి ఉండబట్టి ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందని మా పెద్దలు చెబుతారు. బయటివారికి మాత్రం ఈ పేరు వినగానే కిడ్నీ జబ్బే గుర్తుకు వస్తుంది. ఎన్నో బృందాలు వచ్చి నీళ్ళు, మట్టి, రక్తం నమూనాలు పట్టుకువెళ్ళాయి కాని, ఇదిగో ఇదే కారణమని తేల్చి చెప్పినవారు ఇంతవరకు లేరు. మా వైపు చుట్టాలు కలిస్తే కుశలప్రశ్నల తరువాత వచ్చే ప్రశ్న "క్రియాటిన్ ఎంతుంది?" అన్నదే, అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె.

నాన్నగారికి చివరి మూడేళ్ళు వారానికి రెండుసార్లు డయాలసిస్ జరిగింది. వెళ్ళిరావడానికి పట్టే సమయం కాక, యంత్రం పక్కనే నాలుగేసి గంటలు పడుకోవాలి. ఆయన దానికి అలవాటు పడ్డారు. అలవాటు పడలేకపోయింది నీళ్ళ కొలతకు. తాగే ప్రతి చుక్కా లెక్కలోకి వచ్చేది కాబట్టి, మా అమ్మ ఒక స్టీలు గ్లాసు లోపల మేకుతో గీత గీసింది. ఆ గీత దాకా పోస్తే ఒకసారికి సరిపోయే నీళ్ళు. ఇక కొబ్బరి నీళ్ళయితే పూర్తిగా నిషేధం. వాటిలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీలు దానిని బయటికి పంపలేవు, అది రక్తంలో పేరుకుంటే గుండెకే ముప్పు. ఎకరం తోటలో అరవై చిల్లర కొబ్బరి చెట్లను పెంచిన మనిషి కాయలు దింపే రోజున కూలివాళ్ళకు తన చేతితో బొండాలు కొట్టి ఇచ్చి, కత్తి తుడిచి పక్కన పెట్టి, ఆ గీత గ్లాసుతో నోరు తడుపుకోవడం నేను చూశాను. 2016 డిసెంబరులో ఆయన పోయారు. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే బారువ దగ్గర అస్థికలు కలిపాము.

ఆ తరువాత కొన్నాళ్ళకు విశాఖపట్నంలోని స్నేహితులు, మనసు తేలికపడుతుందని నన్ను అరకు తీసుకువెళ్ళారు. వారి మంచితనాన్ని తప్పుపట్టను కాని, వలిసె పూలను చూస్తూ నేను ఆలోచించినది ఒక్కటే, ఈ కొండలకు ఎవరు పోయినా ఏమీ కాదు కదా అని. అందమైన చోటికి వెళితే దుఃఖం తగ్గుతుందన్న సలహాను అప్పటినుంచి నేను ఎవరికీ ఇవ్వడం లేదు. చూసి వచ్చేసే చోటుకు మనతో పని లేదు, మనకూ దానితో పని లేదు.

పైగా మా తోటే మిగలలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా తీరాన్నే దాటింది. చీకట్లో ఏమీ కనబడలేదు, చెట్టు వెంట చెట్టు పడుతున్న చప్పుడు మాత్రం వినబడింది. అమ్మ వాటిని లెక్కపెట్టడానికి ప్రయత్నించి, కొంతసేపటికి మానేసింది. తెల్లవారి తలుపు తీస్తే ఊరు మా ఊరిలా లేదు. ఎప్పుడూ నీడగా ఉండే పెరట్లో ఎండ సూటిగా నేల మీద పడుతోంది, ఎన్నడూ మా గుమ్మంలోంచి కనబడని మహేంద్రగిరి కొండ పడమట నీలంగా నిలబడి ఉంది, నలిగిన జీడాకుల పచ్చివాసన రోజుల తరబడి పోలేదు. అరవై చిల్లర కొబ్బరి చెట్లలో పదకొండు మిగిలాయి. ప్రకృతి మాత ఒడి అని ఎవరైనా రాస్తే నాకు ఇప్పటికీ కొంచెం చిరాకే.

మలుపు ఆ పదకొండు చెట్ల దగ్గరే వచ్చింది. నష్టం లెక్కలు రాయడానికి వచ్చిన ఒక ఉద్యానశాఖ ఉద్యోగి, మట్టలు విరిగి వేలాడుతున్న చెట్టును చూపించి, దీనిని కొట్టించవద్దు, మొవ్వు, అంటే తలలోని లేత చిగురు, బతికి ఉంది అన్నారు. తరువాత ఆయన మాటల మధ్యలో చెప్పిన సంగతి నన్ను అక్కడే కూర్చోబెట్టింది. కొబ్బరి పూగెల విచ్చుకోవడానికి సుమారు రెండున్నరేళ్ళ ముందే, ఒక్కోసారి అంతకన్నా ముందే, మొవ్వు లోపల కంటికి కనబడనంత చిన్నదిగా ఏర్పడుతుంది. విచ్చుకున్న తరువాత కాయ ముదరడానికి మరో ఏడాది పడుతుంది. అందుకే ఒక ఏడాది చెట్టుకు నీరు తగ్గినా, ఎరువు వేసినా, దాని ఫలితం ఆ ఏడాదితో అయిపోదు, రెండు మూడేళ్ళ తరువాతి దింపుల్లో కూడా కనబడుతుంది.

ఆయన వెళ్ళిపోయాక నేను వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. నాన్నగారు ఆఖరిసారి పాదులు తీయించి పెంట వేయించింది 2016 వానాకాలంలో. అంటే మేము అప్పుడు దింపుతున్న కాయలు, ఆ పైన ఇంకా 2020 నడిమి దాకా దింపబోయే కాయలు, ఆయన ఈ తోటలో తిరుగుతుండగా మొవ్వులో పుట్టినవి. రెండేళ్ళుగా లేని మనిషి పని ఇంకా పూర్తి కాలేదు. ఇందులో వేదాంతం ఏమీ లేదు, చెట్టు పెరిగే తీరే అంత. అయినా ఆ సాయంత్రం నేను తుఫాను తరువాత మొదటిసారి కడుపునిండా తిన్నాను.

ఈ మాట అమ్మకు చెప్పాను. అప్పటినుంచి దింపు జరిగిన ప్రతిసారీ ఆమె ఒక కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "ఇవి కూడా మీ నాన్నవేనా?" అని అడిగేది. అవునమ్మా అనేవాడిని. ఆ కాయలను ఆమె బేరగాడికి ఇవ్వనిచ్చేది కాదు, వంటకు వాడగా మిగిలినవి చుట్టాలకు పంచేది. 2020లో లాక్‌డౌన్ వల్ల నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను, లెక్క ప్రకారం శ్రావణంతో గడువు తీరిపోయింది. ఆ తరువాత రెండు దింపులకు కూడా అవునమ్మా అనే అన్నాను. మూడోసారి ఆమె అడగలేదు. కాయల కుప్పలోంచి సగం తీసి పక్కన పెట్టి, "వీటిని బేరానికి ఇచ్చేయి బాబూ" అంది. లెక్క ఆమెకు నాకన్నా బాగా తెలుసునని అప్పుడు అర్థమైంది.

మీ ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. నాకు ఊరట ఇచ్చినది చూడడం కాదు, చాకిరీ. 2019 వానలకు నలభై దేశవాళీ మొక్కలు నాటాము, గోతి అడుగున ఇసుక, గుప్పెడు ఉప్పు వేసి. పడిపోయిన మొద్దులు కుళ్ళి కొమ్ము పురుగులు విపరీతంగా పెరిగాయి. లేత మట్ట విచ్చుకున్నప్పుడు ఎవరో కత్తెరతో త్రికోణాలుగా కత్తిరించినట్టు కనబడితే పురుగు మొవ్వులోకి దిగిందని గుర్తు. ఇనుప కొక్కేన్ని రంధ్రంలో నెమ్మదిగా తిప్పి దానిని బయటికి లాగాలి, చెయ్యి కొంచెం అదిరితే మొవ్వే తెగిపోతుంది. ఆ పని చేస్తున్న పావుగంటలో మరే ఆలోచనా రాదు, చేసిన తరువాత కూడా కొంతసేపు రాదు. నెలకు రెండుసార్లు శనివారం రైలెక్కి సోంపేట స్టేషనులో దిగేవాడిని (పేరుకు సోంపేట, స్టేషను ఉన్నది కంచిలిలో), ఆదివారమంతా తోటలో గడిపి రాత్రికి తిరిగి వెళ్ళేవాడిని. ఏడుపు వచ్చిన రోజులూ ఉన్నాయి, అయితే అక్కడ ఏడిస్తే ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.

తోట లేనివారు ఏం చేయాలని మీరు అడగవచ్చు. కుండీలో కరివేపాకైనా సరే, మీరు ఒక వారం రాకపోతే వాడిపోయేది ఏదైనా ఎంచుకోండి, పోయినవారి చెయ్యి పడినదైతే మరీ మంచిది. నెలల తరబడి నిద్ర, తిండి దూరమైతే మాత్రం మొక్కల మీద భారం వేయకుండా వైద్యుణ్ణి కలవండి, నేనూ కలిశాను.

నాటిన నలభైలో ముప్ఫై ఒకటి బతికాయి. వాటిలో ఒకటి మిగతావాటికన్నా తొందరపడి 2025 వేసవిలో గెల వేసింది. మార్గశిరంలో నాన్నగారి తద్దినం నాటికి బొండాలు లేతగా ఉన్నాయి. నేను ఒకటి కొట్టి ఇస్తే అమ్మ లోపలికి వెళ్ళి, తొమ్మిదేళ్ళుగా అటక మీద ఉన్న ఆ స్టీలు గ్లాసును చింతపండుతో తోమి తెచ్చింది. ఆయన ఫొటో ముందు పెట్టి, బొండం వంచి, గీత దాటించి అంచు దాకా పోసింది.