ప్లాటు అమ్మి ఫిన్‌టెక్ లా సీటు కొనాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సీఈసీ రెండో సంవత్సరం. సీఏ చేయమంటే వద్దంటోంది, లా చదువుతానంటోంది. మా బంధువుల్లో లాయర్లు లేరు. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు కాలేజీకి వచ్చి, ‘ఫిన్‌టెక్ అండ్ సైబర్ లా’ స్పెషలైజేషన్‌తో బీబీఏ ఎల్ఎల్‌బీ ఉందని, ఏడాదికి మూడున్నర లక్షలని, క్యాంపస్‌లోనే ఉద్యోగం వస్తుందని చెప్పారు. ఒక ప్లాటు ఉంది, అమ్మితే కట్టగలం. మామూలు బీకాం ఎల్ఎల్‌బీ చేసి కోర్టు చుట్టూ తిరిగితే ఎప్పటికి సెటిల్ అవుతుంది? ఏది మంచిదో పోల్చి చెప్పండి. (ఒక తండ్రి, జగిత్యాల)

జవాబు:

అయ్యా, మీరు రాసినదాన్ని కుదించి ఇచ్చాను. అసలు ఉత్తరంలో ‘సెటిల్’ అన్న మాట ఐదుసార్లు వచ్చింది. అమ్మాయికి లా మీద ఎందుకు మనసు పడిందో ఒక్క వాక్యం కూడా లేదు. అడ్మిషన్ల కాలంలో నాకు వచ్చే ఉత్తరాల్లో చాలావరకు ఇలాగే ఉంటాయి కాబట్టి మీ ఒక్కరినే అనడం లేదు. అయినా బాధగానే ఉంది.

మీ భయం నాకు తెలుసు. జిల్లా కోర్టు ఆవరణలో చెట్టు కింద కుర్చీ వేసుకుని, ఎండకు నల్లకోటు మడిచి చేతిమీద వేసుకుని, క్లయింటు ఎప్పుడొస్తాడా అని చూసే లాయర్లను మీరు చూసే ఉంటారు. నా కూతురు అక్కడ కూర్చోకూడదు అన్నది మీ అసలు మాట. ఆ మాట పైకి అనలేకపోతున్న సమయంలో ఫిన్‌టెక్ (ఫోన్‌లో, ఆన్‌లైన్‌లో నడిచే డబ్బు సేవలు) అన్న పేరు వినిపించింది. కోర్టు మెట్లెక్కకుండా ఏసీ ఆఫీసుకు దారి దొరికిందనుకున్నారు. ఆ పేరుకు ప్లాటు పెట్టొచ్చా అన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

నాకున్న అనుమానం ఉన్నదున్నట్టు చెబుతాను: ఈ రంగంలో రూల్స్ డిగ్రీ పూర్తయ్యేలోపే మారిపోతాయి. 2018లో ఒక అమ్మాయి క్రిప్టో (బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కరెన్సీ) లాయర్ అవుదామని ఐదేళ్ల లాలో చేరిందనుకోండి. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఆర్‌బీఐ, క్రిప్టో వ్యాపారం చేసేవాళ్లకు సేవలు ఇవ్వొద్దని బ్యాంకులకు సర్క్యులర్ ఇచ్చింది. ఆమె రెండో ఏడాదిలో ఉండగా, 2020 మార్చిలో, సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. నాలుగో ఏడాదిలో ఉండగా 2022 బడ్జెట్ ఆ లాభాల మీద 30 శాతం పన్ను వేసింది. ఆఖరి సెమిస్టర్‌కు వచ్చేసరికి, 2023 మార్చిలో, ఆ వ్యాపారాలన్నీ మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. ఒక్క డిగ్రీ పూర్తయ్యేలోపు నాలుగు మలుపులు.

ఆన్‌లైన్ గేమింగ్ సంగతి ఇంకా కఠినం. డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. అయినా దేశమంతా ఆ కంపెనీలు లాయర్లను తీసుకుంటూనే ఉన్నాయి. నాకు తెలిసిన ఒక అబ్బాయి గేమింగ్ లా ఒక్కటే పట్టుకుని, ఇంటర్న్‌షిప్‌లన్నీ అందులోనే చేసి, 2025లో డిగ్రీ తీసుకున్నాడు. ఆ ఆగస్టులోనే పార్లమెంటు డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. వాడి తండ్రి నాకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడలేకపోయాడు.

బ్రోచర్‌లో ఆ స్పెషలైజేషన్ పేపర్లు ఎవరు చెబుతారో అడిగారా? అది అడక్కుండా ప్లాటు రేటు కనుక్కున్నారు. ఇక్కడ మీ మీద నాకు నిజంగా కోపం వచ్చింది. ఐదేళ్లకు పదిహేడున్నర లక్షలు, హాస్టల్ వేరే. అంత పోశాక అమ్మాయి మూడో ఏడు ‘నాకిది పడటం లేదు’ అంటే వినే ఓపిక మీకు ఉంటుందా? ప్లాటు అమ్మి చదివించిన పిల్లకు మనసు మార్చుకునే హక్కు కూడా లేకుండా పోతుంది.

అలాగని ఈ రంగం ఒట్టి గాలి అనుకోకండి. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల వేధింపులకు మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. ఫోన్‌లోని కాంటాక్టులన్నీ లాగేసుకుని, అప్పు తీసుకున్నవాళ్ల చుట్టాలకు ఫోన్లు చేసి పరువు తీసేవాళ్లు. ఆ రోజుకు ఈ యాప్‌లను గట్టిగా కట్టడి చేసే నిబంధనలు చేతిలో లేవు. పోలీసులు మోసం, బెదిరింపు లాంటి పాత సెక్షన్లతోనే కేసులు కట్టారు. 2021 జనవరిలో ఆర్‌బీఐ కమిటీ వేసింది. 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు వచ్చాయి. అప్పు డబ్బు నేరుగా తీసుకున్నవాడి ఖాతాలోనే పడాలి. కాంటాక్టులు, కాల్ లాగ్‌లు యాప్ ముట్టుకోకూడదు. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో ముందే ఒక కాగితంలో చూపించాలి. మనసు మారితే పెనాల్టీ లేకుండా అప్పు తిరిగి కట్టేయడానికి కొంత గడువు ఇవ్వాలి.

ఈ ప్రతి వాక్యం వెనకా ఒక ఉద్యోగం ఉంది. ఆ కాగితం సరిగ్గా ఉందో లేదో అప్పిచ్చే కంపెనీలో ఒకరు చూడాలి. ఈ-కామర్స్ కంపెనీల్లో 2020 నిబంధనల ప్రకారం గ్రీవెన్స్ (ఫిర్యాదుల) ఆఫీసర్ ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. తప్పు చేస్తే 250 కోట్ల దాకా జరిమానా అంటే కంపెనీలు ఊరికే కూర్చోవు కదా. వీళ్లంతా నెల జీతం మీద లా చదివినవాళ్లను పెట్టుకుంటారు. చెట్టు కింద కుర్చీ భయం ఇక్కడ సగం తీరిపోవాలి మీకు.

ఇంకో సంగతి చూడండి. సుప్రీంకోర్టులో ఆ క్రిప్టో కేసును వ్యాపారులు దేనిమీద గెలిచారు? ఆర్‌బీఐకి అధికారం ఉందని కోర్టు ఒప్పుకుంది. కానీ బ్యాంకులకు ఏ నష్టం జరిగిందో చూపించకుండా అంత పెద్ద దెబ్బ కొట్టడం తగదంది. అది వృత్తి స్వేచ్ఛ గురించి రాజ్యాంగం క్లాసులో చెప్పే పాఠమే. ఫోన్‌లో ‘ఐ అగ్రీ’ నొక్కితే అయ్యే ఒప్పందానికి ఈరోజుకీ 1872 నాటి కాంట్రాక్ట్ చట్టమే పునాది. బీకాం ఎల్ఎల్‌బీలో ఇవన్నీ ఉన్నాయి.

మా పాత స్టూడెంట్ ఒకమ్మాయి సాధారణ కాలేజీలోనే చదివి, ఇప్పుడు వినియోగదారుల కేసులు చూస్తోంది. ఒకరోజు నేను ఆమె ఆఫీసులో ఉండగానే ఒక ఆటో డ్రైవర్ వాట్సాప్ స్క్రీన్‌షాట్ల ప్రింట్లు కట్టగా తెచ్చాడు. ఆమె ఒక్కొక్కటీ తిరగేసి, “అన్నా, ఈ చాట్ ఉన్న ఫోన్ ఏది? సర్టిఫికెట్ ఏది?” అని అడిగింది. కొత్త సాక్ష్య చట్టం 2024 జులై నుంచి అమల్లో ఉంది. దాని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైల్ హాష్ విలువ (ఫైల్‌ను మార్చలేదని చూపే కోడ్) కూడా రాయాలి. ఆమె కాలేజీలో చదివింది పాత చట్టంలోని 65బి. నంబరు మారింది, ఫారం మారింది. ఏం అడగాలో మాత్రం ఆమెకు అప్పటికే తెలుసు. ఫోన్ పాడైపోయిందని ఆ డ్రైవర్ అంటే, రిపేరు షాపు పేరు కనుక్కుని అప్పుడే మనిషిని పంపింది.

ఇక పోలిక. ఆ స్పెషలైజేషన్ పేరు మీద అదనంగా ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఆర్‌బీఐ, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ లీగల్ ఆఫీసర్ల నోటిఫికేషన్లలో అడిగేది లా డిగ్రీ. ఫిన్‌టెక్ అని ఎక్కడా ఉండదు. నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య లాంటి జాతీయ లా యూనివర్సిటీలో సీటు వస్తే ఫీజు ఎక్కువైనా ఆలోచించండి. రాకపోతే రాష్ట్ర లా ఎంట్రన్స్ లాసెట్‌లో వచ్చిన మంచి కాలేజీలో ఐదేళ్ల బీకాం ఎల్ఎల్‌బీ చాలు. మిగిలిన డబ్బులో కొంత, చివరి రెండేళ్లు హైదరాబాద్‌లో ఉండి ఇంటర్న్‌షిప్‌లు చేయడానికి పెట్టండి. మొదటి రెండు మూడేళ్ల సంపాదన ఎలాగూ తక్కువే ఉంటుంది, ఆ టెన్షన్ పిల్ల మీద పెట్టకండి. సీఏ గొప్ప చదువే. వద్దన్న పిల్లతో మాత్రం చేయించలేరు.

ఒక పని చేయండి. మీ ఫోన్‌లో ఏదో ఒక లోన్ ఆఫర్ వచ్చే ఉంటుంది. అప్పు తీసుకోవద్దు. ఆ షరతుల పేజీ తెరిచి అమ్మాయికి ఇచ్చి, మీరు పక్కన కూర్చోండి. రెండు పేజీలకే విసుగుపడి పక్కన పెట్టేసిందా, ‘నాన్నా, ఇదేంటి ఇలా రాశారు’ అని మిమ్మల్నే అడగడం మొదలుపెట్టిందా చూడండి. ఏం జరిగిందో ఈసారి నాకు మీరు రాయొద్దు, అమ్మాయిని రాయమనండి. అప్పటిదాకా ఆ యూనివర్సిటీకి అడ్వాన్స్ కట్టకండి.